దవాఖానలో ఆడవాళ్ల వార్డు, మగవాళ్ల వార్డు

(బొగ్గుగనుల ప్రాంతపు దవాఖానల్లో పనిచేసి గతించిన నర్సుల స్మృత్యర్థం చేసిన ఉపన్యాసం, అచ్చు పాఠం)

ఆడ రోగులనూ మగ రోగులనూ ఒకే వార్డులో ఉంచవచ్చా, వేరుగానే ఉంచాలా అన్న ప్రశ్న ఓపీ దగ్గర పుట్టదు. ఓపీలో అందరూ ఒకే బల్ల మీద కూర్చుంటారు, చీటీ రాయించుకుని ఇంటికి పోతారు. వార్డు సంగతి వేరు. అక్కడ మనిషి రాత్రి నిద్రపోతాడు, ఒంటి మీది బట్ట తొలగించి కట్టు కట్టించుకుంటాడు, మంచం మీదే బెడ్‌పాన్ పెట్టించుకుంటాడు, మందు మత్తులో బట్ట ఎక్కడ జారిందో తెలియకుండా పడి ఉంటాడు. ఇవన్నీ పరాయివాళ్ల కళ్ల ముందు జరగవలసి రావడమే ఈ ప్రశ్నకు మూలం. కాబట్టి తలుపు మీద ఏ బోర్డు ఉందో చూస్తే సరిపోదు. లోపల ఈ పనులు ఎలా జరుగుతున్నాయో చూడాలి.

గోదావరిఖని, రామగుండం ప్రాంతంలో ఈ విషయాన్ని పరిశీలించడానికి తగిన కారణం ఉంది. ఇక్కడ సింగరేణి ఏరియా దవాఖాన ఉంది, ఎన్టీపీసీ టౌన్‌షిప్‌కు దాని దవాఖాన ఉంది, 2022లో మొదలైన ప్రభుత్వ వైద్య కళాశాలకు అనుబంధంగా సర్కారు దవాఖానా ఉంది. వీటిలో సింగరేణి కంపెనీ దవాఖాన స్వభావం ప్రత్యేకమైనది. అది మొదట కార్మికుడి కోసం పుట్టింది. భార్య, పిల్లలు, తల్లిదండ్రులు అతని మీద ఆధారపడినవారిగా అతని వెంట వచ్చారు. మగవాడి పేరు మస్టర్‌లో ఉంటే, ఆడమనిషి పేరు అతని మెడికల్ పుస్తకంలో ఉండేది. బాయి (గని) దిగేవాళ్లంతా మగవాళ్లే అయినప్పుడు, దెబ్బ తగిలి వచ్చేవాళ్లూ వాళ్లే. విరిగిన కాళ్లు, నలిగిన వేళ్లు, నడుము దెబ్బలు, కాలిన గాయాలు మగవాళ్ల సర్జికల్ వార్డులో చేరేవి. ఆడవాళ్ల వైపు ప్రధానమైన పని కాన్పులది.

అయితే గని ఎప్పుడూ మగవాళ్లదే అనుకోవడం పొరపాటు. యెల్లందు దగ్గర బొగ్గు ఉందని భూగర్భ సర్వే సంస్థకు చెందిన డాక్టర్ విలియం కింగ్ 1871లో కనుగొన్నాడు. హైదరాబాద్ దక్కన్ కంపెనీ 1886లో తవ్వకం హక్కులు తీసుకుంది. 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ అన్న పేరు వచ్చింది. ఆ కాలంలో దేశంలోని బొగ్గు గనుల్లో ఆడవాళ్లు భర్తలతో కలిసి భూగర్భంలో పనిచేసేవారు. 1929 నియమాలతో వారిని క్రమంగా పైకి పంపడం మొదలై, 1937 నాటికి పూర్తి నిషేధం వచ్చింది. యుద్ధానికి బొగ్గు కావలసివచ్చి 1943లో ఆ నిషేధాన్ని సడలించారు, 1946లో మళ్లీ పెట్టారు. 1952 గనుల చట్టం 46వ సెక్షన్ దాన్ని స్థిరపరిచింది. రామగుండం ప్రాంతంలో గనులు తెరుచుకున్నది 1960ల తొలి ఏళ్లలో, అంటే నిషేధం స్థిరపడిన తరువాత. అందువల్ల గోదావరిఖని మొదటి నుంచీ మగవాళ్ల గనులున్న ఊరుగానే పెరిగింది. వార్డుల మధ్య గోడకు ఇక్కడ సంప్రదాయం ఎంత కారణమో, ఈ ఉపాధి చరిత్ర కూడా అంతే కారణం.

గోడ మాత్రం గనుల కంటే పాతది. ఫ్లోరెన్స్ నైటింగేల్ 1859లో ప్రచురించిన ‘నోట్స్ ఆన్ హాస్పిటల్స్’ పుస్తకం ప్రపంచమంతటా వార్డుల నిర్మాణాన్ని మార్చింది. పొడవాటి గది, రెండు వైపులా ఎదురెదురు కిటికీలు, కిటికీల నడుమ మంచాలు, ఒకచోట కూర్చుంటే అందరూ కనబడేటట్టు నర్సు బల్ల. దాదాపు 30 మంచాల ఈ వార్డులో గాలి బాగా ఆడుతుంది, ఎవరు మూలిగినా నర్సుకు వినబడుతుంది, కానీ ఎవరికీ చాటు ఉండదు. చాటు లేని గది కనుకనే అది పూర్తిగా మగవాళ్లదో ఆడవాళ్లదో కావలసి వచ్చింది. మన జిల్లా దవాఖానల్లో ఇప్పటికీ కనబడే పొడవాటి వార్డులు ఆ నమూనా సంతానమే.

తెలుగు, తమిళ ప్రాంతాల్లో దీనికి ఇంకో పాయ కలిసింది. మద్రాసులో 1885లో ఘోషా (పరదా) పాటించే స్త్రీల కోసం ప్రత్యేకంగా దవాఖాన పెట్టారు. అది నేటి కస్తూర్బా గాంధీ దవాఖాన. అదే ఏడాది ఆడవాళ్లకు వైద్యం అందించడానికి లేడీ డఫ్రిన్ నిధి పుట్టింది. డాక్టర్ అన్నా కుగ్లర్ గుంటూరులో స్త్రీలకూ పిల్లలకూ 1898లో దవాఖాన తెరిచింది. విశాఖపట్నంలో విక్టోరియా దవాఖానను జనం నేటికీ ఘోషాసుపత్రి అనే పిలుస్తారు. హైదరాబాదులో విక్టోరియా జనానా దవాఖాన వెలిసింది. వీటిని పరదా పద్ధతికి లొంగిపోవడంగా చూసేవాళ్లున్నారు. ఆ మాటలో కొంత నిజం ఉన్నా, ఫలితం మాత్రం మరోలా వచ్చింది. మగ డాక్టరు ఉన్న చోటికి, మగ రోగులు పడుకున్న చోటికి అడుగు పెట్టని ఆడవాళ్లు ఈ దవాఖానలకు వచ్చారు. వేరుగా ఉంచడం అప్పట్లో ఆడవాళ్లను వైద్యానికి దూరం చేయలేదు, దగ్గర చేసింది. ఈ చర్చలో ఇది మరచిపోకూడని సంగతి. ఏ ఏర్పాటు మంచిదో తేల్చడానికి మొదటి గీటురాయి ఇదే: ఆ ఏర్పాటు వల్ల రోగి దవాఖానకు వస్తుందా, రాకుండా ఇంట్లోనే ఓర్చుకుంటుందా?

నియమాల సంగతికి వస్తే, భారత ప్రజారోగ్య ప్రమాణాలు చిన్న ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోని నాలుగు నుంచి ఆరు మంచాలకు కూడా స్త్రీలకు వేరుగా, పురుషులకు వేరుగా చోటు కేటాయించాలని చెప్పాయి. జాతీయ మానవ హక్కుల కమిషన్ 2018లో రూపొందించిన రోగుల హక్కుల పత్రంలో గోప్యత, మానవ గౌరవం, ఏకాంతం హక్కుగా ఉన్నాయి. మగ డాక్టరు ఆడ రోగిని పరీక్షించేటప్పుడు మరో ఆడమనిషి దగ్గర ఉండాలన్నది కూడా అందులోనే ఉంది. అంటే మన దేశంలో కాగితం మీద ప్రశ్న తేలిపోయినట్టే.

కాగితం మీద తేలడం ఎంతవరకు సరిపోతుందో ఇంగ్లండ్ అనుభవం చెబుతుంది. అక్కడ మంచాల కొరత వల్ల, ఒక్కో జబ్బుకు ఒక్కో ప్రత్యేక వార్డు పెట్టడం వల్ల, స్త్రీ పురుషులను ఒకే వార్డులో ఉంచడం అలవాటుగా మారింది. ముసలివాళ్లు, ముఖ్యంగా వృద్ధ స్త్రీలు, దాని మీద ఏళ్ల తరబడి ఫిర్యాదు చేశారు. 1990ల నుంచి వచ్చిన ప్రభుత్వాలన్నీ దాన్ని మాన్పిస్తామని హామీ ఇచ్చాయి. అలవాటు మానలేదు. చివరకు 2010 చివర్లో ప్రతి ఉల్లంఘననూ లెక్కగట్టి నెలనెలా ప్రచురించడం మొదలైంది. 2011 ఏప్రిల్ నుంచి ఒక్కో రోగికి రోజుకు 250 పౌండ్ల జరిమానా పెట్టారు. ఉల్లంఘనలు అప్పుడు బాగా తగ్గాయి. దవాఖానల మీద ఒత్తిడి పెరిగిన తరువాతి ఏళ్లలో మళ్లీ పెరిగాయి. హామీలు ఇచ్చిన ఏళ్లలో జరగని మార్పు, లెక్క బయటపెట్టిన ఏడాదిలో జరిగింది.

ఆ లెక్కలో ఉల్లంఘన అంటే ఏమిటో కూడా గమనించాలి. ఇంగ్లండ్ వార్డు మొత్తాన్ని ఒకే లింగానికి కేటాయించమనలేదు. వార్డులోని నాలుగైదు మంచాల గది ఒక్కొక్కటి ఆడవాళ్లదో మగవాళ్లదో అయి ఉండాలి. మరుగుదొడ్డికి, స్నానాలగదికి వెళ్లడానికి ఇతరుల గది గుండా నడవవలసిన అవసరం రాకూడదు. ఐసీయూ వంటి చోట్లకు మినహాయింపు ఉంది. మరోవైపు నెదర్లాండ్స్‌లో స్త్రీ పురుషులను ఒకే గదిలో ఉంచడం సాధారణమే. కాబట్టి సంపన్న దేశాలన్నీ ఒకే దారిలో నడుస్తున్నాయని చెప్పడానికి లేదు.

కలిపి ఉంచాలనేవారి వాదనలో బలమైన భాగం మంచాల లెక్క. దాన్ని తోసిపుచ్చడం తేలిక కాదు. ఒక దవాఖానలో సగటున ఏ రోజైనా 20 మంది రోగులు ఉంటారనుకుందాం, సగం ఆడవాళ్లు, సగం మగవాళ్లు. రోగులు వరుస తప్పి వస్తారు గనుక ఆ 20కి అటూఇటూ ఊగిసలాట ఉంటుంది. ఆ ఊగిసలాట కొలత సుమారుగా సగటుకు వర్గమూలం, అంటే నాలుగున్నర. దాదాపు ఎప్పుడూ మంచం దొరకాలంటే దానికి రెట్టింపు, తొమ్మిది మంచాలు అదనంగా వేయాలి. ఒకే వార్డుకు 29 మంచాలు చాలు. రెండుగా విడదీస్తే ఒక్కో వార్డు సగటు 10, ఊగిసలాట మూడుకు కొంచెం పైన, అదనం ఆరుకు పైన. ఒక్కో వైపు 16 లేదా 17, రెండూ కలిపి 33 దాకా కావాలి. విడదీసినందుకు చెల్లించే ధర నాలుగు మంచాలు. వార్డులు చిన్నవయ్యేకొద్దీ మొత్తం మంచాల్లో ఈ ధర వాటా పెరుగుతుంది. మంథని వైపు పల్లెల్లోని ఆరు మంచాల కేంద్రంలో అది బాగా భారంగా తోస్తుంది.

వానాకాలం డెంగీ, మలేరియా జ్వరాలు విరుచుకుపడినప్పుడు ఈ లెక్క కళ్లకు కడుతుంది. మగవాళ్ల వార్డులో మంచాలు ఖాళీగా ఉంటాయి, ఆడవాళ్ల వార్డులో ఇద్దరేసి ఒకే మంచం మీద ఎదురుబొదురుగా పడుకుంటారు, వరండాలో చాపల మీద సెలైన్ ఎక్కుతుంటుంది. ఖాళీ మంచం పక్క గదిలో ఉండగా జ్వరంతో ఉన్న మనిషిని నేల మీద పడుకోబెట్టడం న్యాయమా అని అడిగితే, కాదనే చెప్పాలి. అయితే దానికి పరిష్కారం అందరినీ కలిపేయడం ఒక్కటే కాదు. గోడ స్థిరంగా ఉండటం వల్ల వచ్చిన చిక్కు ఇది. 30 మంచాల గదిని ఆరేసి మంచాల ఐదు గదులుగా కడితే, ఈ వారం మూడు గదులు ఆడవాళ్లకు, రెండు మగవాళ్లకు ఇవ్వవచ్చు, వచ్చే వారం తిరగేయవచ్చు. మంచాల పొదుపులో చాలా భాగం దక్కుతుంది, చాటూ దక్కుతుంది. ఇంగ్లండ్ పట్టుకున్న కిటుకు ఇదే.

రెండో వాదన సమానత్వానిది. బస్సులో, బడిలో, ఆఫీసులో కలిసి కూర్చునేవాళ్లను దవాఖానలో ఎందుకు విడదీయాలి అంటారు. సింగరేణి ప్రాంతంలో ఈ మాటకు ఇప్పుడు కొత్త బలం వచ్చింది. 2019 జనవరి 29 నాటి కేంద్ర కార్మిక శాఖ నోటిఫికేషన్ ఓపెన్‌కాస్టుల్లో రాత్రిపూట కూడా స్త్రీలు పనిచేయడానికి అనుమతించింది. భూగర్భ గనుల్లో సాంకేతిక, పర్యవేక్షణ, నిర్వహణ బాధ్యతల్లో ఉదయం ఆరు నుంచి సాయంత్రం ఏడు దాకా వారిని నియమించవచ్చంది. తండ్రి ఉద్యోగం కూతురికి వచ్చే నియామకాలు కూడా జరుగుతున్నాయి. ఆధారపడినవారిగా ఒకరి పుస్తకంలో ఉన్న ఆడమనిషి ఇప్పుడు తన సొంత ఎంప్లాయి నంబరుతో దవాఖాన కౌంటరు ముందు నిలబడుతోంది. రేపు హాల్‌రోడ్డు మీద ప్రమాదం జరిగితే ఆపరేటరు మగవాడైనా ఆడమనిషైనా ఒకే అంబులెన్సులో రావచ్చు.

ఆ నోటిఫికేషన్‌ను పూర్తిగా చదివితే మాత్రం సమానత్వం పేరు చెప్పి వార్డులు కలిపేయాలన్న వాదన నిలబడదు. అది గని తలుపును ఊరికే తీసిపెట్టలేదు. స్త్రీ రాతపూర్వకంగా ఒప్పుకోవాలి, రక్షణకూ సౌకర్యాలకూ ఏర్పాట్లు ఉండాలి, షిఫ్టులో కనీసం ముగ్గురు స్త్రీలు కలిసి ఉండాలి అంది. ఒళ్లు బాగుండి, యూనిఫాం వేసుకుని, హెల్మెట్ పెట్టుకుని, కావాలంటే కాదనగల మనిషికే ఇన్ని షరతులు అవసరమని చట్టం తలచింది. జ్వరంతో ఒణుకుతూ, లేచి నిలబడలేక, ఎక్కడ పడుకోబెడితే అక్కడ పడుకునే మనిషికి షరతులు ఇంకా ఎక్కువ కావాలి. పనిచోట సమానంగా ఉండటానికీ, నిద్రపోయేచోట చాటు కోరుకోవడానికీ మధ్య వైరుధ్యం లేదు. కలిసి బాయి దిగిన మగవాళ్లూ ఆడవాళ్లూ పైకి వచ్చి స్నానాలకు వేరువేరు గదుల్లోకే వెళతారు.

చాటు ఆడవాళ్లకు మాత్రమే కావాలనుకోవడం కూడా సరికాదు. తుంటి ఎముక విరిగిన కార్మికుడు ఆరు వారాలు వెల్లకిలా పడుకుని ఉంటే, అతని దొడ్డికి, స్నానానికి, గడ్డం గీయడానికి కూడా ఇంకొకరు కావాలి. అతనికీ సిగ్గు ఉంటుంది. ఎదుటి మంచం మీద పరాయి ఆడమనిషి ఉంటే యూరిన్ పాట్ అడగడానికి వెనకాడతాడు. మగవాడి సిగ్గును ఎవరూ పట్టించుకోరు గనుక అతను కూడా చెప్పుకోడు.

కలిపి ఉంచక తప్పని చోట్లు కొన్ని ఉన్నాయి. క్యాజువాలిటీలో మొదట చూడవలసింది ఊపిరి, నెత్తురు. 2022 మార్చిలో అడ్రియాల లాంగ్‌వాల్ గనిలో పైకప్పు కూలినప్పుడు వచ్చినటువంటి అత్యవసరంలో వార్డు బోర్డు చదివే తీరిక ఎవరికీ ఉండదు, ఉండకూడదు కూడా. ఐసీయూలో యంత్రాలూ ప్రత్యేక శిక్షణ పొందిన నర్సులూ ఒకేచోట ఉండాలి గనుక దాన్ని రెండుగా చీల్చడం చిన్న దవాఖానకు సాధ్యం కాదు. అక్కడ గోడ చేయవలసిన పనిని తెర, దుప్పటి, మంచానికి ఒక నర్సు కలిసి చేయాలి. స్పృహ వచ్చి, ఐసీయూ అవసరం తీరిన రోగిని మంచం దొరకలేదంటూ అక్కడే ఉంచడం మాత్రం అవసరం కిందికి రాదు. డయాలసిస్ నాలుగు గంటల పని. రోగి పగటిపూట బట్టలతోనే పడుకుంటాడు గనుక అక్కడ కలిపి ఉంచినా పెద్ద ఇబ్బంది లేదు. పిల్లల వార్డులో చిన్నవాళ్లకు తేడా తెలియదు. పన్నెండు పదమూడేళ్లు వచ్చాక తెలుస్తుంది, వాళ్ల కోసం ఎవరూ ఆలోచించడం లేదు. మానసిక వైద్య వార్డులో ఏ మినహాయింపూ తగదు. తన మీద తనకు అదుపు తప్పిన దశలో ఉన్న రోగిని, తప్పించుకోవడానికీ చెప్పుకోవడానికీ చేతకాని దశలో ఉన్న రోగిని ఒకే కప్పు కింద రాత్రి వదలడం ప్రమాదం. ఇంగ్లండ్‌లో కేర్ క్వాలిటీ కమిషన్ 2018లో మానసిక వార్డుల్లో లైంగిక భద్రత మీదే ప్రత్యేక నివేదిక ఇవ్వవలసి వచ్చింది. ఎర్రగడ్డ మానసిక వైద్యశాలలో స్త్రీ పురుష వార్డులు వేరుగా ఉన్నది అందుకే.

ఇంతవరకు చెప్పుకున్నది రోగుల గురించి. మన దవాఖానల్లో వార్డును నిజంగా కలిపేస్తున్నది రోగులు కారు, తోడు ఉండేవాళ్లు. మగవాళ్ల వార్డు అని బోర్డు ఉన్న గదిలోకి రాత్రి పది తరువాత వెళ్లి చూస్తే, అందులో సగం మంది ఆడవాళ్లు. మంచం మీద భర్త, మంచం కింద చాప మీద భార్య. ఇంకో మంచం దగ్గర కొడుకు కాళ్ల పక్కన తల్లి. రెండు మంచాల మధ్య రెండున్నర అడుగుల సందులో ఒకవైపు ఈ మంచం తాలూకు భార్య, మరోవైపు ఆ మంచం తాలూకు తమ్ముడు పడుకుంటారు. ఒకరికొకరు పరాయివాళ్లు. స్త్రీ పురుషులను వేరుగా ఉంచుతున్నామని చెప్పే వ్యవస్థలో, జబ్బు లేని ఆడమనిషి ముప్పై మంది పరాయి మగవాళ్ల నడుమ నేల మీద పడుకుని రాత్రి గడుపుతోంది. ఆమె పేరు ఏ కేస్ షీటులోనూ ఉండదు. ఆమెకు మంచం లేదు, భోజనం లేదు.

మరుగుదొడ్డి కూడా లేదు. మగవాళ్ల వార్డుకు ఉన్న మరుగుదొడ్లు మగవాళ్లవి. ఆడవాళ్లవి కావాలంటే మెట్లు దిగి, ఓపీ వరండా దాటి, లైటు వెలుగుతుందో లేదో తెలియని చోటికి పోవాలి. అందుకని తోడు ఉన్న ఆడవాళ్లు సాయంత్రం నుంచి నీళ్లు తాగడం తగ్గిస్తారు. మే నెలలో రామగుండంలో ఎండ 45 డిగ్రీలు దాటే రోజుల్లో కూడా తగ్గిస్తారు. తెల్లవారుజామున నాలుగింటికి, జనం లేవకముందే, ఇద్దరు ముగ్గురు జతగా లేచి వెళ్లి వస్తారు. నెలసరి వచ్చిన రోజుల్లో ఈ పాట్లు ఎలా ఉంటాయో చెప్పనక్కర లేదు. పది రోజులు భర్తకు తోడుండి, పదకొండో రోజు మూత్రంలో మంటతో, చలిజ్వరంతో తానే ఓపీ చీటీ తీసుకునే ఆడవాళ్లను నర్సులు బాగా ఎరుగుదురు.

ఆడవాళ్ల వార్డులో ఇదే నియమం తలకిందులుగా బాధిస్తుంది. రాత్రి మగవాళ్లు ఉండకూడదన్న నియమం అక్కడ గట్టిగానే అమలవుతుంది, అమలవడం న్యాయమే. కానీ ఇంట్లో మరో ఆడదిక్కు లేని భార్యకు తోడెవరు? సెకండ్ షిఫ్టు చేసి రాత్రి పదకొండున్నరకు దవాఖానకు చేరిన భర్తను గేటు దగ్గరే ఆపేస్తారు. ఆమె మంచం దిగాలంటే పక్క మంచం వాళ్ల తల్లి మీదో, చెల్లెలి మీదో ఆధారపడాలి. మన వార్డుల్లో ఆ సాయం దొరకడం మన జనం మంచితనం. దాన్ని ఏర్పాటు కింద లెక్కవేసుకోవడం తగదు.

కాన్పు గది ఈ చిక్కుముడిని ఇంకా స్పష్టంగా చూపిస్తుంది. ప్రసవ సమయంలో తల్లి పక్కన తనవాళ్లలో ఒకరిని ఉండనివ్వాలని కేంద్ర ఆరోగ్య శాఖ 2016లో మార్గదర్శకాలు ఇచ్చింది. సాధారణంగా ఆ తోడు ఆడమనిషే. చాటుకు తగిన ఏర్పాటు ఉన్న చోట మాత్రం భర్త కూడా ఉండవచ్చు. భర్తను లోపలికి రానివ్వాలా వద్దా అన్నది అతను మగవాడా అన్న దాన్ని బట్టి తేలడం లేదు. పక్క బల్ల మీద నొప్పులు పడుతున్న స్త్రీకి తెర ఉందా లేదా అన్న దాన్ని బట్టి తేలుతోంది. తెర లేని దవాఖాన తన లోటును నిషేధంగా మార్చి తండ్రి మీద రుద్దుతోంది.

తోడు ఉండేవాళ్లను పూర్తిగా బయట నిలిపితే ఏమవుతుందో 2020లో కోవిడ్ చూపించింది. రోగి ఒక్కడే లోపల, కుటుంబం గేటు బయట. గుక్కెడు నీళ్లు పట్టించడం, బాత్రూంకు నడిపించడం, అన్నం కలిపి పెట్టడం, పక్కకు తిప్పడం, ఇవన్నీ మామూలు రోజుల్లో ఎవరు చేస్తున్నారో అప్పుడు బయటపడింది. అది దవాఖాన చేయవలసిన పని, ఇంటి ఆడవాళ్లు కూలి లేకుండా చేస్తున్న పని. భారత నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం ప్రకారం బోధనా దవాఖానల్లో ముగ్గురు రోగులకు, ఇతర దవాఖానల్లో ఐదుగురికి ఒక నర్సు ఉండాలి. 30 మంచాల వార్డును రాత్రి ఒక సిస్టరూ ఒక ఆయమ్మా చూసుకుంటున్నంతకాలం, మంచం కింద పడుకున్న భార్యను బయటికి పంపడం ఎవరి తరమూ కాదు. పంపితే రోగి నష్టపోతాడు. కనుక స్త్రీ పురుష వార్డుల ప్రశ్నకు జవాబులో సగం నర్సుల సంఖ్యలో ఉంది. ఆడవాళ్ల వార్డు భద్రత కూడా గోడ వల్ల కాక, రాత్రి రెండింటికి మేలుకుని తిరిగే మనిషి వల్ల వస్తుంది. ఆ తిరిగే మనిషి కూడా ఆడమనిషే, ఆమెకూ భద్రత కావాలని 2024 ఆగస్టులో కలకత్తా ఆర్‌జీ కర్ దవాఖానలో డ్యూటీలో ఉన్న వైద్యురాలిపై జరిగిన అత్యాచారం, హత్య దేశానికి గుర్తుచేశాయి. తాళం పడే డ్యూటీ గది, వెలుగున్న వరండా, పిలిస్తే వచ్చే సెక్యూరిటీ లేకుండా వార్డులను ఎన్ని విధాల విడదీసినా రోగులకు గానీ నర్సులకు గానీ నిశ్చింత ఉండదు.

రెండే బోర్డులున్న దవాఖానలో చోటు దొరకని మనుషులు ఇంకొందరు ఉన్నారు. సుప్రీంకోర్టు 2014 ఏప్రిల్ 15న నల్సా కేసు తీర్పులో ట్రాన్స్‌జెండర్ వ్యక్తులను మూడో జెండర్‌గా గుర్తించి, వారికి దవాఖానల్లో తగిన వైద్యం అందేలా చర్యలు తీసుకోవాలని ప్రభుత్వాలను ఆదేశించింది. నిజాం కాలం నాటి నపుంసకుల చట్టాన్ని తెలంగాణ హైకోర్టు 2023లో కొట్టివేసింది. ఇన్ని తీర్పులు వచ్చినా, జ్వరంతో వచ్చిన ట్రాన్స్‌జెండర్ రోగిని ఏ వార్డుకు పంపాలో అడ్మిషన్ కౌంటరు దగ్గర తేలక వరండాలో కూర్చోబెట్టడం జరుగుతూనే ఉంది. రోగిని అడిగి, ఆ రోగి చెప్పిన వార్డులో, వీలైతే చిన్న గదిలో మంచం ఇవ్వడం దీనికి తేలికైన మార్గం. ఆరు మంచాల గదుల పద్ధతి ఇక్కడా పనికొస్తుంది.

అందరికీ విడి గది ఇస్తే గొడవే లేదు అనేవాళ్లున్నారు. డబ్బూ హోదా ఉన్నవారికి ఇప్పటికే ఆ గొడవ లేదు, వారు స్పెషల్ రూము తీసుకుంటారు. వార్డు ప్రశ్న పూర్తిగా పేదవాడి ప్రశ్న, దినకూలీ ప్రశ్న, కాంట్రాక్టు కార్మికుడి ప్రశ్న. విడి గదులకు నర్సులు ఇంకా ఎక్కువ మంది కావాలి. పైగా మన ప్రాంతంలో రోగి ఒంటరితనాన్ని కోరుకోడు. పక్క మంచం వాళ్ల ఊరేదో, వాళ్లకు ఏ గనిలో దెబ్బ తగిలిందో తెలుసుకుంటూనే కోలుకుంటాడు. అతనికి మనుషులు కావాలి, వాళ్లతో పాటు చాటు కూడా కావాలి.

పాత కట్టడాల్లో ఈ చాటు కల్పించడానికి కొన్ని చిక్కులున్నాయి. నిలువెత్తు గోడలు కట్టి పొడవాటి వార్డును గదులుగా చీలిస్తే ఎదురు కిటికీల గాలి ఆగిపోతుంది, ఈ ఎండల్లో అది రోగికి శిక్ష. ఐదారు అడుగుల అడ్డుగోడ కట్టి పైన ఖాళీ వదిలితే గాలి ఆడుతుంది. మంచం చుట్టూ తెర కట్టేటప్పుడు పైభాగం ఒకటిన్నర అడుగు వల గుడ్డ వేస్తే ఫ్యాను గాలి లోపలికి దిగుతుంది. తెరలు చాలా వార్డుల్లో మొదటి ఏడాదే ఉంటాయి. ఉతకడానికి ఇచ్చినవి తిరిగి రావు, కొక్కేలు ఊడిపోతాయి, తరువాత రాడ్డు మాత్రం మిగులుతుంది. కాబట్టి ప్రతి మంచానికి రెండు జతల తెరలు, వాటిని ఉతికించి తగిలించే బాధ్యత ఫలానా వారిదని రాసి ఉంచడం అవసరం. మగవాళ్ల వార్డు ఉన్న ప్రతి అంతస్తులో తోడు ఉండే ఆడవాళ్లకు గడియ పడే మరుగుదొడ్డి, స్నానాలగది కట్టాలి. దవాఖాన ఆవరణలోనే వాళ్లు పడుకోవడానికి వేరే హాలు, రోగికి అవసరమైతే అక్కడికి కబురు పంపే ఏర్పాటు కావాలి. వైద్య కళాశాల వచ్చాక ఇక్కడ కొత్త భవనాలు లేస్తున్నాయి. ప్లాను గీసే దశలో ఇవి చేరితే ఖర్చు స్వల్పం, కట్టేశాక చేర్చాలంటే గోడలు పగలగొట్టాలి.

ఇక మిగిలింది లెక్క. ఏ దవాఖానలోనైనా మంచం లేక ఆడ రోగిని మగవాళ్ల వైపు, మగ రోగిని ఆడవాళ్ల వైపు పడుకోబెట్టే రాత్రి వస్తుంది. అది తప్పనిసరి అయినప్పుడు కూడా జరిగిందని రాయాలి. నైట్ రిపోర్టు పుస్తకంలో అందుకు నాలుగు గళ్లు చాలు: ఏ వార్డు, ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటల దాకా, కారణం ఏమిటి, రోగికి చెప్పి ఒప్పించారా. పొద్దున డ్యూటీ దిగే సిస్టర్ సంతకం చేస్తుంది, సూపరింటెండెంట్ చూసి సంతకం చేస్తాడు. నెల చివర ఆ సంఖ్యను ఓపీ నోటీసు బోర్డు మీద అంటించాలి. మగవాళ్ల వార్డులో రాత్రి నేల మీద పడుకున్న ఆడవాళ్ల సంఖ్యను కూడా దాని పక్కనే రాయాలి.